మనిషి లేకపోతే నంబరు లేదు

సెప్టెంబరు 1, 1981. మంగళవారం

ముప్పై నాలుగేళ్ళలో, బళ్ళు తెరిచే సెప్టెంబరు ఒకటిన నేను బడికి వెళ్ళకపోవడం ఇదే మొదటిసారి. రిటైరైనవాళ్ళంతా చేసే పనే నేనూ చేశాను. పొద్దున్నే లేచి క్యూకి వెళ్ళాను.

వాషింగ్ మెషిన్ల జాబితాలో ఇవాళ్టికి నూట ఇరవై రెండు పేర్లున్నాయి. మంగళ, శుక్రవారాల్లో ఉదయం ఏడింటికి దుకాణం ముందు హాజరు. వరసగా రెండుసార్లు పలకని వాళ్ళ పేరు కొట్టేస్తాం. సోమవారం సోమవారం మిగిలిన పేర్లతో జాబితా తిరగరాస్తాను. చేతిరాత బాగుంటుందనీ, గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుందనీ జూన్‌లో క్యూ కమిటీవాళ్ళు నోటుబుక్కు నా చేతిలో పెట్టారు. మెషిన్ల లారీ ఎప్పుడొస్తుందో దుకాణం మేనేజరుకే తెలియదు.

"నలభై ఏడు. జెనోన్ పియెత్రాస్" అని నేనే చదివి, "ఉన్నాడు" అని నేనే పలికాను. ఒకరి బదులు వాళ్ళ ఇంట్లోవాళ్ళు పలకొచ్చు.

జెనోన్ వియన్నా టూరు నుంచి ఇంకా రాలేదు. బస్సు ఆదివారమే తిరిగొచ్చిందట. కింది వాటాలో ఉండే డ్రైవరు భార్య మెట్ల మీద ఎదురై, "మీ ఆయన గొడుగు బస్సులో మర్చిపోయాడండీ" అని చేతికిచ్చింది. "వెనక బస్సులో వస్తున్నాడు" అన్నాను. వెనక బస్సేమీ లేదు. అలా ఎందుకన్నానో నాకే తెలియదు.

సెప్టెంబరు 4, శుక్రవారం

నలభై ఏడు: ఉన్నాడు.

ట్రామ్ డిపో నుంచి ఫోను. జెనోన్ డ్యూటీకి రాలేదేమని. జ్వరం అన్నాను.

సెప్టెంబరు 8, మంగళవారం

నలభై ఆరు: ఉన్నాడు. ముందున్న ఒకాయన వరసగా రెండుసార్లు పలకలేదు, కొట్టేశాను.

క్యూలో మా వెనక వరసలో వియత్నాం అమ్మాయి ఒకామె నిలబడుతోంది. పేరు హాన్. మా ఊరు ఊచ్‌లో బట్టల మిల్లుల రంగుల మీద ఏదో పరిశోధన చేస్తోంది. ముప్పై దాటి ఉంటాయి. ఇవాళ హాజరు అయ్యాక ఒక చిన్న పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"టీచరుగారూ, ఒక డౌటు. కిరాణా షాపులో చక్కెర అడిగాను. ఆమె చక్కెర లేదు అంది. కానీ వేరే మాట అంది. నా పుస్తకంలో చక్కెర ఇంకోలా ఉంది. రెండు రకాల చక్కెర ఉంటుందా ఇక్కడ?"

పక్కన చేపలుపట్టే మడత స్టూలు మీద కూర్చున్న రొగాత్స్కి పగలబడి నవ్వాడు. "ఒక్క రకమే లేదమ్మా, నువ్వు రెండు రకాలంటావేంటి!" అన్నాడు. తాళాలు బాగుచేసి రిటైరైన మనిషి. నోరు మాత్రం ఇంకా రిటైరవలేదు.

వివరించాను. పోలిష్‌లో ఉన్న వస్తువు పేరు మామూలుగానే ఉంటుంది. దాని పక్కన 'లేదు' చేరిందా, పేరు చివర మారిపోతుంది. రొట్టె ఉంటే హ్లెబ్. లేకపోతే హ్లెబా. బళ్ళో పిల్లలకి ఈ రెండో విభక్తిని 'లేదు'తోనే నేర్పుతాం. ఎవరు లేరు, ఏమి లేదు. ముప్పై నాలుగేళ్ళు నేర్పాను. ఎందుకలా అని ఒక్క పిల్లాడూ అడగలేదు.

హాన్ అడిగింది. "వస్తువు ఎలాగూ లేదు కదండీ. లేనిదాని పేరు మార్చడం దేనికి?"

"నియమం" అన్నాను.

సెప్టెంబరు 11, శుక్రవారం

నలభై ఆరు: ఉన్నాడు.

సెప్టెంబరు 14, సోమవారం

జాబితా తిరగరాశాను. జెనోన్ ఇప్పుడు నలభై నాలుగు. మనిషి కదలకపోయినా నంబరు ముందుకు జరుగుతోంది.

పోస్టుకార్డు వచ్చింది. జెయింట్ వీల్ బొమ్మ. పోస్టామె తలుపు దగ్గరే ఆగింది, వెళ్ళదు. "అక్కడ అరటిపళ్ళు కూడా దొరుకుతున్నాయటండీ!" అంది. ఇంకా నేనే చదవలేదు.

"ప్రియమైన లోద్జా, క్షేమం. ఇక్కడ అన్నీ ఉన్నాయి అరటిపళ్ళు కూడా. కొన్నాళ్ళు ఉంటాను. జెనోన్."

నా పేరు లియోకాడియా, ఇంట్లో లోద్జా. 'ఉన్నాయి' తరవాత కామా పెట్టలేదు.

కొన్నాళ్ళు అంటే రెండు వారాలు అనుకోవచ్చు. పెళ్ళైన కొత్తలో "కొన్నాళ్ళు మా అమ్మ దగ్గర ఉందాం" అన్నాడు. అది పదకొండేళ్ళు. అయినా అది వేరే సంగతి.

సెప్టెంబరు 18, శుక్రవారం

నలభై నాలుగు: ఉన్నాడు.

హాన్‌తో పాఠం పెద్దదే అయింది. క్యూలో నిలబడితే ఈ విభక్తికి అభ్యాసం వెతుక్కోవక్కర్లేదు. వీధి వెంట నడిపించాను. ఒక్కో కొట్టు అద్దం ముందు ఆగడం, లోపల ఏం లేదో చెప్పించడం. సబ్బు లేదు. దారం లేదు. అగ్గిపెట్టెలు లేవు. కసాయి కొట్టు ముందు నిలబడి, "మాంసం లేడు" అంది. కొట్టు ఆమె గుమ్మంలోంచి, "లేడమ్మా, నిన్ననే చచ్చాడు!" అంది. హాన్‌కి జోకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ట్రామ్ స్టాపుదాకా నవ్వుతూనే ఉంది. నేనూ నవ్వాను. ఇంట్లో నవ్వి చాలా రోజులైంది.

"మనుషులకి కూడా ఇంతేనా?" అని అడిగింది. "హాజరు పిలిచేటప్పుడు మీరు పేరు మామూలుగా చదువుతారు. మనిషి రాకపోతే జనం లేడని అరుస్తారు. అప్పుడు ఆ పేరు వేరేగా వినిపిస్తుంది."

"మనుషులకీ అంతే."

"మా భాషలో ఎవరున్నా లేకపోయినా పేరు మారదండీ."

"మీ అదృష్టం" అన్నాను.

సెప్టెంబరు 22, మంగళవారం

నలభై నాలుగు: ఉన్నాడు.

రొగాత్స్కి ఇవాళ అందరి ముందూ అన్నాడు: "ఏంటి టీచరుగారూ, మీ ఆయన మొహం చూసి నెలైంది. మంచాన గానీ పడ్డాడా?"

"డిపోలో డబుల్ డ్యూటీ" అన్నాను.

"అలాగా. ట్రాములేమో సగం నడవట్లేదు, ఫిట్టరుకి డబుల్ డ్యూటీ!" అని స్టూలు మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఆయన నంబరు యాభై నాలుగు. నా కంటే పది వెనక. అంటే జెనోన్ కంటే.

అపొలోనియా సికోరా స్కార్ఫు సర్దుకుని అటు తిరిగి నిలబడింది. అలా తిరగడం నాకు నచ్చలేదు. నాకేదో మేలు చేస్తున్నట్టు.

సికోరా సంగతి రాసుకోవాలి. జూలైలో వాళ్ళాయన పోయాడు. నంబరు ఆయన పేరు మీదే ఉండేది, ముప్పై ఒకటి. అంత్యక్రియలైన నాలుగో రోజు వచ్చి, "టీచరమ్మా, మా ఆయన లేడు. నంబరు నా పేరు మీద రాయండి. మా అమ్మాయికి కవలపిల్లలు, రోజూ గుడ్డలు ఉడకబెట్టీ ఉతికీ చేతులు పుండ్లు పడ్డాయి" అంది. కమిటీలో నలుగురూ నా వైపు చూశారు. నంబర్లు వారసత్వంగా ఇవ్వడం మొదలెడితే రేపు ప్రతివాడూ చచ్చినవాళ్ళ కాగితాలు పట్టుకొస్తాడన్నాను. మనిషి లేకపోతే నంబరు లేదు. ఆ మాట నోటుబుక్కు మొదటి పేజీలో రాసి కింద గీత గీశాను. స్కేలు పెట్టి గీశాను. ఆమెని చివర రాశాను. ఇప్పుడు నూట రెండులో ఉంది.

న్యాయంగానే చేశాను. ఎవరికైనా అదే చేసేదాన్ని.

సెప్టెంబరు 25, శుక్రవారం

నలభై నాలుగు: ఉన్నాడు.

సెప్టెంబరు 29, మంగళవారం

నలభై రెండు: ఉన్నాడు.

డిపో నుంచి కాగితం. జెనోన్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు. లాకరులో సామాను తీసుకెళ్ళమన్నారు. వెళ్ళాను. ఒక జత బూట్లు, గ్రీజు గుడ్డలు, ఒక మగ్గు. కాపలా ముసలాయన, "ఎక్కడికెళ్ళాడమ్మా?" అన్నాడు. "పని మీద" అన్నాను. ఆయన తల ఊపాడు. ఈ ఏడాది ఆ డిపో నుంచి అలా పని మీద వెళ్ళినవాళ్ళు తొమ్మిదిమందట.

దుప్పట్లు స్నానాల తొట్టిలో ఉతికాను. పిండడానికి రెండోవైపు పట్టుకునే మనిషి కావాలి. తలుపు గడియకి కట్టి పిండాను. బాగానే వచ్చింది.

అక్టోబరు 6, మంగళవారం

నలభై ఒకటి: ఉన్నాడు.

ఉత్తరం వచ్చింది. ఈసారి కవరులో. పెద్ద కాగితం, చక్కటి రాత, తప్పులు రెండే.

అక్టోబరు 7

నిన్నటి ఉత్తరంలో ఏముందో రాయలేదు. రాస్తాను. శరణార్థుల శిబిరంలో ఉన్నాడు. ఆస్ట్రేలియాకి కాగితాలు పెట్టుకున్నాడు. నా పేరు పెట్టలేదు, నువ్వు రావని నాకు తెలుసు అన్నాడు. మెషిన్ వస్తే నువ్వే వాడుకో అన్నాడు.

నన్ను అడగలేదు. అడిగితే రాననే చెప్పేదాన్ని. ఈ వయసులో ఆ భాష, ఆ ఎండ నాకెందుకు? అయినా అడగలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు కలిసుండి, ఒక్కసారి అడగలేదు. నాకు చాలా కోపంగా ఉంది. ఇది రాయడానికి రోజున్నర పట్టింది.

అక్టోబరు 9, శుక్రవారం

నలభై ఒకటి: ఉన్నాడు.

అక్టోబరు 13, మంగళవారం

నలభై ఒకటి: ఉన్నాడు.

హాన్ ఇంటికొచ్చింది. గ్రీన్ టీ పొట్లం తెచ్చింది. నేను బంగాళాదుంప అట్లు వేశాను, ఉన్న నూనె అంతకే సరిపోయింది. ఇల్లంతా తిరిగి ఏమేం లేవో చెప్పమన్నాను. ఇప్పుడు తప్పులు దాదాపు లేవు. కాఫీ లేదు, వెన్న లేదు, బల్బు లేదు. గుమ్మం దగ్గర కొక్కేలు చూసి ఆగింది. ఒక దాని మీద నా కోటుంది. రెండోదాని మీద గొడుగు.

కూర్చుని తన పర్సులోంచి ఫోటో తీసింది. ఆరేళ్ళ పిల్ల, ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి. హనోయ్‌లో అమ్మమ్మ దగ్గర ఉందట. రెండేళ్ళైంది చూసి. ఫోటో బల్ల మీద పెట్టి మెల్లిగా ఒక వాక్యం చెప్పింది: "నాకు కూతురు లేదు."

విభక్తి సరిగ్గా ఉంది. "శభాష్" అన్నాను ముందు. తరవాత ఫోటో ఆమె వైపు జరిపాను. "అలా అనకూడదమ్మా. ఉంది. ఇక్కడ లేదు. ఇక్కడ అన్న మాట చేర్చు."

"చేర్చాలా?"

"చేర్చాలి. ఆ పిల్ల నీ కోసం చూస్తోంది కదా."

మళ్ళీ సరిగ్గా చెప్పింది. టీ తాగింది. కాసేపటికి, "మీరు హాజరులో ఎప్పుడూ ఉన్నాడు అంటారు. నేను వింటాను. ఆయన ఇక్కడ లేడు అంటే చాలదా? ఇక్కడ అని చేర్చండి" అంది.

"అట్టు చల్లారిపోతోంది, తిను" అన్నాను.

ఆమె వెళ్ళాక చాలాసేపు ఆ కుర్చీలోనే కూర్చున్నాను. హాన్ కూతురు ఎదురుచూస్తోంది. జెనోన్ ఎదురుచూడట్లేదు. తేడా నాకు తెలుసు.

అక్టోబరు 16, శుక్రవారం

నలభై ఒకటి: ఉన్నాడు.

అక్టోబరు 20, మంగళవారం

నలభై: ఉన్నాడు. రొగాత్స్కి యాభై. సికోరా తొంభై మూడు.

శుక్రవారం లారీ వస్తుందని మేనేజరు కబురు చేశాడు. క్యూ అంతా పెళ్ళిలా ఉంది. ఎవరో సీసా కూడా తెచ్చారు. ఎన్ని మెషిన్లో తెలియదు. కొనేటప్పుడు గుర్తింపు కార్డు చూపించాలట. భర్త పేరు మీదుంటే భార్య కార్డు చాలునట. అంటే నాకే ఇబ్బందీ లేదు.

ఏ ఇబ్బందీ లేదు.

అక్టోబరు 23, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆరున్నరకే అందరూ వచ్చారు. లారీ ఏడు పదికి వచ్చింది. మేనేజరు మెట్ల మీద నిలబడి, "నలభై తొమ్మిది! యాభై పంపామన్నారు, దారిలో ఒకటి ఏమైందో నన్నడక్కండి!" అని అరిచాడు. రొగాత్స్కి యాభై. స్టూలు మీద నుంచి లేచాడు. మొహం తెల్లబడింది. తరవాత నా వైపు చూశాడు.

చివరి హాజరు నేనే చదవాలి. ఒకటి నుంచి ముప్పై తొమ్మిది దాకా అందరూ పలికారు. "నలభై" అన్నాను. "జెనోన్ పియెత్రాస్."

ఇన్నాళ్ళూ ఊపిరి తీసుకోకుండా రెండో మాట అనేసేదాన్ని. ఇవాళ రొగాత్స్కి మధ్యలో దూరాడు.

"ఆగండి టీచరుగారూ. మనిషేడీ? మొదటి పేజీలో ఏం రాశారో చదవండి. స్కేలు పెట్టి గీత కూడా గీశారుగా!"

హాన్ వెనక వరసలో మడమలెత్తి చూస్తోంది. అప్పుడు తొంభై మూడో నంబరు దగ్గర్నుంచి ఒక గొంతు లేచింది.

"ఉన్నాడు! పొద్దున ట్రామ్ స్టాపులో చూశాను. నాకు నమస్కారం కూడా పెట్టాడు!"

సికోరా. అపొలోనియా సికోరా. ఆదివారం ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి.

"ఉన్నాడు, నేనూ చూశాను" అని ముప్పై ఐదో నంబరాయన అన్నాడు. "దగ్గు మందు కొంటున్నాడు" అని ఇంకొకామె. "ఉన్నాడు, ఉన్నాడు!" అని వీధంతా అందుకుంది. హాన్ గొంతు కూడా వినిపించింది. అందరికీ తెలుసు. ఆగస్టు నుంచీ తెలుసు. వారానికి రెండుసార్లు నేను అబద్ధం చెబుతుంటే, ఈ వందమందీ వారానికి రెండుసార్లు వింటూ నిలబడ్డారు.

నాకు సిగ్గేసింది. వాళ్ళకి తెలుసని కాదు. జూలైలో ఈమె నా ముందు నిలబడి "మా ఆయన లేడు" అన్నప్పుడు నేను నోటుబుక్కులోంచి తలెత్తలేదు. ఆమె నిజం చెప్పింది. చెప్పినందుకు డెబ్భై మందికి పైగా వెనక్కి పంపాను. ఇప్పుడు ఆమె నా కోసం అబద్ధం చెబుతోంది.

"లేడు" అన్నాను.

ముందు వరసకి తప్ప వినపడలేదు. మళ్ళీ అన్నాను, బడిలో వెనక బెంచీకి వినపడేటట్టు. "జెనోన్ లేడు. వియన్నా వెళ్ళాడు. అక్కణ్ణుంచి ఆస్ట్రేలియా వెళ్తున్నాడు. ఇక రాడు."

పెన్ను తీసి కొట్టేశాను. గీత వంకరగా వచ్చింది. తరవాతి పేరు చదివాను. వెనకవాళ్ళంతా ఒక నంబరు ముందుకు జరిగారు, చివరి మెషిన్ రొగాత్స్కిది. "ఉన్నాను" అన్నాడు, చాలా చిన్నగా. మనవరాలి ఉయ్యాల బండి మీద పెట్టుకుని తోసుకుంటూ వెళ్ళాడు. నా ముందు నుంచి పోతూ టోపీ తీశాడు. ఆయనంటే నాకిప్పటికీ పడదు.

సికోరా మాత్రం మనుషుల్ని తోసుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఓదారుస్తుందేమో అనుకున్నాను, ఓదార్చలేదు.

"నీకు బుర్రుందా టీచరమ్మా? నోరారా అబద్ధమాడాను నీ కోసం! రేపు ఫాదరు ముందు మోకరించి ఒప్పుకోవాలి. పాపం నాకు, మెషిన్ రొగాత్స్కికి!"

"సికోరా గారూ" అన్నాను. "జూలైలో నేను చేసింది తప్పు."

"తప్పే" అంది. "ఆ మాట ఎవరైనా అంటారేమోనని చూస్తున్నాను ఇన్నాళ్ళూ." చెయ్యి మాత్రం వదల్లేదు. ఆమె వేళ్ళు బట్టలుతికే సోడా నీళ్ళకి పగిలిపోయి ఉన్నాయి.

అక్టోబరు 24

ఏడ్చాను. మధ్యాహ్నం దాకా. తరవాత బంగాళాదుంపలు ఉడకబెట్టుకున్నాను.

అక్టోబరు 26, సోమవారం

కమిటీ కూర్చుంది. కొత్త లారీకి కొత్త జాబితా. నోటుబుక్కు సికోరాకి ఇచ్చెయ్యమని నేనే చెప్పాను. "నా రాత కోడి గీతలు" అంది. "చదవగలిగితే చాలు" అన్నాను. మొదటి పేజీ చింపేశాను. నంబరు ఇంటిది, ఇంట్లో మిగిలినవాళ్ళది అని కొత్తగా రాశాం. దానికింద ఎవరూ గీత గీయలేదు.

పాతవాళ్ళంతా ముందుకు జరిగారు. సికోరాని ఆమె పాత నంబరు లెక్కన మొదట్లో రాద్దామన్నాను. అందరూ సరేనన్నారు. నన్ను చివర రాయమన్నాను. హాన్ ఒప్పుకోలేదు, ఇంకా ఇద్దరు ముగ్గురు ఒప్పుకోలేదు. నేను వినలేదు. డెబ్భై ఐదు.

అక్టోబరు 27, మంగళవారం

చలి. ఊపిరి పొగలా వస్తోంది. నోటుబుక్కు లేకుండా చేతులేం చెయ్యాలో తెలియలేదు, జేబుల్లో పెట్టుకున్నాను. సికోరా మెట్టు మీద నిలబడి ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ చదివింది. హాన్ నా కంటే చాలా ముందుంది. తన పేరు రాగానే గట్టిగా పలికి, వెనక్కి నడిచొచ్చి నా పక్కన నిలబడింది.

"డెబ్భై ఐదు. లియోకాడియా పియెత్రాస్."

ఎవరో పలుకుతారని చూశాను. బడి వదిలిన జూన్ నుంచీ నా పేరు ఏ జాబితాలోనూ లేదు. ఎవరూ పిలవలేదు.

వెనక ఎవరో, "లేదు! కొట్టెయ్యండి!" అన్నాడు, కొత్తవాడు. సికోరా పెన్ను ఎత్తలేదు. నోటుబుక్కు మీంచి తలెత్తి నన్నే చూస్తూ నిలబడింది.

"లియోకాడియా పియెత్రాస్" అని మళ్ళీ చదివింది. "పలుకమ్మా, మేమంతా ఇక్కడే ఉన్నాం."

"ఉన్నాను" అన్నాను.